ఏడాదికి ఎంత కండ?

విజయనగరంలో మా జిమ్‌కు కొత్తగా వచ్చే కుర్రాళ్లలో ఎక్కువమంది ఒక తేదీ పెట్టుకునే వస్తారు. మాఘమాసంలో పెళ్లి, లేకపోతే సిరిమాను పండగ, లేకపోతే కానిస్టేబుల్ సెలక్షన్లు. ఆ తేదీకి మూడు నెలల ముందు గుమ్మం ఎక్కి, గోడ మీదున్న ఆర్నాల్డ్ బొమ్మ వంక ఓసారి, నా వంక ఓసారి చూసి, "మేస్టారూ, మూడు నెలల్లో బాడీ వచ్చేస్తాదండి?" అంటారు.

ఫీజు పుస్తకం తెరవక ముందే నేను అంకె చెప్పేస్తాను. ఎప్పుడూ బరువులు పట్టని 60 కిలోల కుర్రాడు వారానికి మూడు నాలుగు రోజులు మానకుండా చేసి, సరిగ్గా తిని, కంటినిండా నిద్రపోతే మొదటి ఏడాది అయిదారు కిలోల కండ పడుతుంది. బాగా కలిసొస్తే ఏడు. రెండో ఏడాది అందులో సగం. మూడో ఏడాది కిలో, కిలోన్నర. ఆ పైన ఏడాదికి అరకిలో వచ్చినా గొప్పే. తడిబట్ట పిండినట్టే ఇది: మొదటి మెలికకు ధారగా కారుతుంది, తర్వాత ఎంత బలంగా తిప్పినా చుక్కలే. మరి మూడు నెలలకు ఎంత? కిలోన్నర, మహా అయితే రెండు కిలోలు. అదీ తొడలు, వీపు, ఛాతీ, భుజాలు అన్నీ పంచుకోగా. జబ్బ కొలత సెంటీమీటరో, ఒకటిన్నరో పెరుగుతుంది. చొక్కా మీద నుంచి చూస్తే ఇంట్లోవాళ్లకు కూడా తెలియకపోవచ్చు.

ఇవి నేను చేయించిన కసరత్తుల్లో చూసిన లెక్కలు, మంచి కోచ్‌లు మిగతాచోట్ల చెప్పేవీ కాస్త అటూ ఇటూగా ఇవే. వినగానే కొందరి మొహం వాడిపోతుంది. "ఇంతేనా మేస్టారూ? ఫోన్లో ఒకాయన తొంభై రోజుల్లో..." అని మొదలెడతారు. ఆ ఫోన్లో ఆయన సంగతి తర్వాత చెబుతాను.

అన్ని కోరికలూ గాలిలో మేడలు కావు. కానిస్టేబుల్ పరీక్షకు వచ్చేవాళ్లనే చూడండి. మగవాళ్లకు ఎత్తు 167.6 సెంటీమీటర్లు ఉండాలి, ఛాతీ 86.3 ఉండాలి, ఊపిరి పీలిస్తే ఇంకో అయిదు సెంటీమీటర్లు వ్యాకోచించాలి. ఎత్తు విషయంలో నేను చేయగలిగింది ఏమీ లేదు. ఛాతీ 84 దగ్గర ఆగిపోయిన కుర్రాడికి మాత్రం ధైర్యం చెబుతాను. బెంచ్ ప్రెస్, దండీలు, వీపుకు లాగే కసరత్తులు అయిదారు నెలలు చేస్తే ఆ రెండు సెంటీమీటర్లు దాటడం అయ్యే పనే. అంత ముందుగా రావడమే కష్టం. నోటిఫికేషన్ పడ్డాక గాని ఎవరికీ టేపు గుర్తుకు రాదు.

పెళ్లికొడుకుల్లో పొట్ట ఉన్నవాళ్లకు కూడా మూడు నెలల్లో మంచి ఫలితమే చూపించొచ్చు. కండ నిదానంగా వస్తుంది కానీ కొవ్వు అంతకంటే త్వరగా కరుగుతుంది. వారానికి అరకిలో చొప్పున అయిదారు కిలోలు తగ్గితే నడుం సన్నబడి, ఉన్న భుజాలే వెడల్పుగా కనిపిస్తాయి. బంధువులు "బాడీ పెంచావురా" అంటారు. నిజానికి పెంచింది తక్కువ, తీసేసిందే ఎక్కువ.

అసలు చిక్కంతా మొదటి మూడు నెలల్లోనే ఉంది. మొదటి నెల ఎవరినైనా మోసం చేస్తుంది. ముప్ఫై కిలోల బార్‌తో స్క్వాట్ చేసినవాడు ఆరు వారాలకు యాభై చేస్తాడు. తొడలు కూడా అదే లెక్కన పెరిగాయనుకుంటాడు. ఆ బలంలో ఎక్కువ వంతు నరాలది. ఉన్న కండలోనే ఇంతకాలం పనిచేయని పోగుల్ని మెదడు పిలవడం నేర్చుకుంటుంది, ఏ కండ ఎప్పుడు బిగించాలో ఎప్పుడు వదలాలో ఒంటికి అలవాటవుతుంది. ఈ సంగతి 1979లోనే ప్రయోగం చేసి చూపించారు. కొత్త కండ కంటికి తెలిసేలా పేరుకోవడానికి ఇంకా వారాలు పడుతుంది.

దీనికి తోడు నీళ్లు. కసరత్తు మొదలెట్టాక కండల్లో గ్లైకోజెన్ అనే పిండి నిల్వ పెరుగుతుంది. ఒక గ్రాము గ్లైకోజెన్ దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టుకుని కూర్చుంటుంది. అలవాటు లేని బరువులకు కండ పోగులు దెబ్బతిని కొంత వాపు కూడా ఉంటుంది. క్రియాటిన్ పొడి వాడేవాళ్లకు ఇంకో కిలో నీరు చేరొచ్చు. అందుకే మొదటి నెల ముల్లు రెండు మూడు కిలోలు ముందుకు ఉరుకుతుంది. కుర్రాడు ఫోటో తీసి స్టేటస్ పెడతాడు. మూడో నెలకు ముల్లు ఆగిపోతుంది, జబ్బ ఆగిపోతుంది, బార్ మీద ప్లేట్లు కూడా ఆగుతాయి. సరిగ్గా అప్పుడే నిజమైన కండ కంటికి తెలియడం మొదలవుతుంది. వాళ్లు మానేసేదీ అప్పుడే. మా ఫీజు పుస్తకం తిరగేస్తే నాలుగో నెల దగ్గర పేజీలకు పేజీలు ఖాళీలు.

తిండి మాటకు వద్దాం. ఒక కిలో కండలో ముప్పావు వంతు నీళ్లే. ప్రోటీన్ ఉండేది 200 గ్రాములు. ఏడాదికి ఆరు కిలోలు అనుకున్నా రోజుకు పడేది 16 గ్రాముల కండ, అందులో ప్రోటీన్ మూడు గ్రాముల చిల్లర. "మరి రోజుకు వంద గ్రాములు తినమంటారేంటి?" అని ఓ బీఎస్సీ కుర్రాడు నిలదీశాడు. మంచి ప్రశ్నే. మన ఒళ్లు రోజూ 250, 300 గ్రాముల ప్రోటీన్‌ను విరగ్గొట్టి మళ్లీ కట్టుకుంటూ ఉంటుంది. ఆ రాకపోకల్లో మిగులు చాలా చిన్నది. అది కండ వైపు మొగ్గాలంటే సరుకు పుష్కలంగా ఉండాలి. అంతేగాని ఎంత తింటే అంత కండ కాదు. 2018లో 49 అధ్యయనాల్ని కలిపి లెక్కగడితే, కిలో బరువుకు రోజుకు సుమారు 1.6 గ్రాములు దాటాక అదనంగా పెద్ద లాభం కనిపించలేదు. బరువులు ఎత్తని మామూలు మనిషికి హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పే లెక్క 0.83.

అంటే మన 60 కిలోల కుర్రాడికి 96 గ్రాములు. ఇంట్లో రోజూ తినేది కూడితే, రెండు పూటలా అన్నం, పప్పు, కూర, పెరుగు, పొద్దుట ఇడ్లీ కలిపి 40, 45 వస్తుంది. దానికి నాలుగు గుడ్లు వేస్తే 24. గుప్పెడు మీల్ మేకర్, అంటే ఎండువి 40 గ్రాములు, ఇంకో 20. అన్నే గ్రాముల వేరుశెనగలు 10. అయిపోయింది. చికెన్, చేపలు తినే రోజు ఇంకా సులువు. మా వైపు పెద్దవాళ్లు చోడి, అంటే రాగి, అంబలి తాగమంటారు. తాగండి, మంచిదే. కానీ వంద గ్రాముల చోడిపిండిలో ఏడు గ్రాములకు మించి ప్రోటీన్ లేదు, ఈ పద్దులో దాన్ని రాసుకోకండి.

డబ్బాల పొడి గురించి నా మాట వేరేగా ఉంటుంది. వే ప్రోటీన్ విషం కాదు, పాలు విరిగినప్పుడు తేలే నీళ్లలోదే. మంత్రమూ కాదు. పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో ఒళ్లు పెంచడానికి ప్రోటీన్ పొడులు వద్దని చెప్పింది. గుడ్డు కూడా ముట్టనివాళ్లకు, రాత్రి షిఫ్టుల వాళ్లకు నమ్మకమైన డబ్బా కొంత పని తేలిక చేస్తుందని నేను అనుకుంటాను. కానీ నెలకు పదిహేను వేలు తెచ్చుకునే కుర్రాడు అందులో మూడు వేలు డబ్బాకు పెడితే ఒప్పుకోను. ఆ డబ్బుతో గుడ్లూ చికెనూ నెలంతా తినొచ్చు.

ఇక అందరికీ ఒకే లెక్క వర్తిస్తుందా? వర్తించదు. ఈ ముక్క చెప్పడానికి కోచ్‌లు జంకుతారు. మా దగ్గర ఇద్దరు అన్నదమ్ములు చేసేవారు. ఒకే ఇల్లు, ఒకే కంచం, ఒకే చార్టు. తమ్ముడు ఏడాదిలో చొక్కా సైజు మారిపోయాడు. అన్న బరువులైతే బాగానే ఎత్తేవాడు గాని ఒళ్లు కదల్లేదు. వాడు దొంగ సెట్లు కొడుతున్నాడని తమ్ముడు, తమ్ముడు ఏదో చాటుగా వాడుతున్నాడని అన్న. రెండూ కాదు. 2005లో అచ్చయిన ఒక అధ్యయనంలో 585 మంది ఆడా మగా పన్నెండు వారాల పాటు ఒకే కసరత్తు, ఒకే చేతికి చేశారు. కొందరి బైసెప్స్ పెరక్కపోగా 2 శాతం తగ్గింది. మరొక చివర ఉన్నవాళ్లకు 59 శాతం పెరిగింది. బలం సున్నా నుంచి 250 శాతం దాకా. ఇద్దరి మధ్య ఇంత తేడాలో కొంత పుట్టుకతోనే వస్తుంది. ఆ అన్నకు నేను చెప్పింది ఒకటే: నీ బార్ బరువు పెరుగుతోంది, దాన్నే చూసుకో, తమ్ముడి జబ్బ చూడకు.

మణికట్టు సన్నగా, భుజం ఎముక ఇరుగ్గా ఉన్నవాడికి మోయగలిగే కండ తక్కువ. కండ ఎముకకు అతుక్కునే చోటు మారదు. బైసెప్స్‌కూ మోచేతికీ మధ్య రెండు వేళ్ల ఖాళీ ఉన్నవాడు ఎన్ని కర్ల్స్ కొట్టినా ఆ ఖాళీ పూడదు. పిక్కలు అయితే మరీ మొండివి. 2007లో 'దేశముదురు' సినిమా వచ్చాక సిక్స్ ప్యాక్ అనే మాట తెలుగిళ్లలోకి వచ్చేసింది గానీ, పొట్ట కండ మీద అడ్డంగా ఉండే గీతలు ఎవరికి ఎన్నో పుట్టుకే నిర్ణయిస్తుంది. కొందరికి నాలుగు పలకలే, కొందరికి ఎనిమిది, కొందరివి వంకరగా. నాలుగు పలకలవాడు పొట్ట కసరత్తు ఎంత చేసినా ఆరు కావు.

మన దేశపు ఒళ్లకు ఇంకో తిరకాసు ఉంది. 2004లో లాన్సెట్ వైద్యపత్రికలో పుణె డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి ఒక ఫోటో వేయించుకున్నారు. ఇద్దరి బీఎంఐ అచ్చంగా 22.3. కొలిస్తే ఒంట్లో కొవ్వు యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2. సన్నగా కనిపిస్తూనే కొవ్వు ఎక్కువ, కండ తక్కువ ఉండే ఈ తరహా మన జనంలో చాలామందిది. అందుకే అమెరికా వాడు రాసిన చార్టులో మొదటి ఏడాది పది కిలోలు అని ఉంటే దాన్ని మా జిమ్ గోడకు అంటించను. మనవాళ్లు మొదలెట్టే మెట్టే కిందది. ఒక రకంగా మనకు బరువులు ఎత్తాల్సిన అవసరం వాళ్లకంటే ఎక్కువ. షుగరు జబ్బు మొహం చూసినవాళ్లెవరికైనా ఇది తెలుసు.

కండ పెంచే మందులు, అంటే స్టెరాయిడ్లు, లేకుండా మనిషి ఒళ్లు ఎంతదాకా వెళ్తుందో చూడాలంటే మందులు పుట్టక ముందు మనుషుల్ని చూడాలి. మగ హార్మోను అయిన టెస్టోస్టెరాన్‌ను ప్రయోగశాలలో తయారు చేసింది 1935లో. డయానబాల్ అనే మాత్ర అమెరికా బజారులోకి వచ్చింది 1958లో. మన కోడి రామ్మూర్తి నాయుడు వీరఘట్టంలో పుట్టి, మా విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేసి, సర్కస్‌లో ఇనుప గొలుసులు తెంచి, రొమ్ము మీద ఏనుగును నిలబెట్టుకున్నాడు. 1942లో పోయాడు. శాకాహారి. విశాఖ బీచ్‌లో ఆయన విగ్రహం చూడండి, పాత ఫోటోలు చూడండి. నిండు కుండలాంటి ఒళ్లు. నరాలు తేలి, చర్మం కాగితంలా అతుక్కున్న ఒళ్లు కాదు. ఇవాళ మా కుర్రాళ్లకు ఆ ఫోటో చూపిస్తే "కటింగ్ చెయ్యాల మేస్టారూ" అంటారు, ఖర్మ!

బెంగాల్ మనిషి మనోహర్ ఐచ్ ఇంకా మంచి ఉదాహరణ. ఎత్తు 4 అడుగుల 11 అంగుళాలు. 1952లో మిస్టర్ యూనివర్స్ పోటీలో పొట్టివాళ్ల విభాగం గెలిచాడు. అప్పటికి ఆయన వయసు నలభై. చిన్నప్పటి నుంచీ కసరత్తు చేస్తూ, తెల్ల అధికారిని కొట్టినందుకు జైలుకు వెళ్లి అక్కడా మానకుండా చేస్తూ వచ్చి, నలభైకి ఆ ఒళ్లు తెచ్చుకున్నాడు. 104 ఏళ్లు బతికి 2016లో పోయాడు.

కొలతగా చెప్పాలంటే, 1995లో అమెరికాలో 157 మంది క్రీడాకారుల్ని పరీక్షించారు. కొవ్వు తీసేసిన బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే ఒక సూచిక వస్తుంది. స్టెరాయిడ్లు వాడనివాళ్లు దాదాపు 25 దగ్గర ఆగారు, వాడినవాళ్లలో చాలామంది దాన్ని దాటిపోయారు. 25 గోడ కాదు, పాతకాలపు మిస్టర్ అమెరికాల్లో కొందరు కాస్త దాటినవాళ్లూ ఉన్నారు. కానీ వాళ్లు లక్షల్లో ఒకరు. 170 సెంటీమీటర్ల మనిషికి 25 అంటే, ఒంట్లో కొవ్వు పదో పన్నెండో శాతం మాత్రమే ఉంటూ 80 కిలోల పైన తూగాలి. మామూలు కుర్రాడు ఇరవై దగ్గరో, అంతకు దిగువనో మొదలవుతాడు. అయిదారేళ్లు చేసి 22, 23 తెచ్చుకున్నవాడిని బజారులో జనం తిరిగి చూస్తారు.

ఇప్పుడు ఫోన్లో ఆయన సంగతి. 1996లో షాలెందర్ భసీన్ అనే భారత సంతతి డాక్టర్, ఆయన బృందం, బరువులు ఎత్తడం తెలిసిన 43 మంది మగవాళ్లను తీసుకుని పది వారాలు గమనించారు. కొందరికి వారానికి 600 మిల్లీగ్రాముల టెస్టోస్టెరాన్, కొందరికి ఉత్త సూది. ఉత్త సూది వేయించుకుని కసరత్తు చేసినవాళ్లకు కొవ్వు కాని బరువు రెండు కిలోల దాకా పెరిగింది. మందూ కసరత్తూ రెండూ ఉన్నవాళ్లకు ఆరు కిలోల పైన. మందు వేయించుకుని ఏ కసరత్తూ చేయకుండా కూర్చున్నవాళ్లకు? మూడు కిలోల పైన! చెమటోడ్చినవాడి కంటే కుర్చీలో కూర్చున్నవాడికి ఎక్కువ వచ్చింది. ఈ లెక్క నేను ప్రతి బ్యాచ్‌కూ చెబుతాను. తొంభై రోజుల ఫోటో చూసి తమ కష్టాన్ని తిట్టుకునే కుర్రాళ్లకు ఇంతకంటే మంచి మందు లేదు.

గోడ మీది ఆర్నాల్డ్ స్టెరాయిడ్లు వాడానని తనే ఒప్పుకున్నాడు. ఆ బొమ్మ తీయను, ఆ మాట మాత్రం పక్కన చెబుతాను. పచ్చి లివర్ తిని ఒళ్లు పెంచానని లక్షలమందిని నమ్మించిన 'లివర్ కింగ్' బ్రయాన్ జాన్సన్, 2022 డిసెంబరులో ఈమెయిల్స్ బయటపడ్డాక స్టెరాయిడ్లు వాడుతున్నానని వీడియోలో ఒప్పుకున్నాడు. వాడేవాళ్ల మీద కంటే, వాడుతూ గుడ్లూ అన్నమూ అని చెప్పేవాళ్ల మీదే నాకు కోపం.

ఆ దారి ఖరీదు ఒంటికి తెలుస్తుంది. బయటి నుంచి హార్మోను పోస్తే లోపలి ఫ్యాక్టరీ మూతపడుతుంది, వృషణాలు కుంచించుకుంటాయి, వీర్యకణాలు పడిపోతాయి. మానేశాక మళ్లీ మొదలవడానికి నెలలు, కొందరికి ఇంకా ఎక్కువ. మంచి కొలెస్ట్రాల్ తగ్గుతుంది, గుండె గోడలు మందమవుతాయి, మాత్రలైతే కాలేయం మీద దెబ్బ. పెళ్లికని బాడీ పెంచి, పెళ్లయ్యాక పిల్లల కోసం డాక్టర్ల చుట్టూ తిరగడం నాకు నవ్వులాట విషయం కాదు. ఈ మధ్య ఇంకొకటి చేరింది: మెఫెంటెర్మిన్ ఇంజెక్షన్. ఆపరేషన్ బల్ల మీద పడిపోయే రక్తపోటును నిలబెట్టడానికి డాక్టర్లు వాడే మందు అది. జిమ్ కుర్రాళ్లకు ఊపు కోసమని అమ్ముతుంటే తెలంగాణ ఔషధ నియంత్రణ అధికారులు హైదరాబాద్‌లో పట్టుకున్నారు. దానితో కండ ఒక్క గ్రాము పెరగదు. గుండె మాత్రం పరుగెడుతుంది.

ఆడవాళ్ల సంగతి క్లుప్తంగా. "మా అమ్మాయికి మగాడి ఒళ్లు వచ్చేస్తుందేమోనండి" అని తల్లులు అడుగుతారు. మగవాళ్ల టెస్టోస్టెరాన్‌లో ఆడవాళ్లకు ఉండేది పదో వంతు కూడా కాదు. నిష్పత్తిలో చూస్తే వాళ్లూ బాగానే పెరుగుతారు గానీ కిలోల్లో సగమే. శ్రీకాకుళం పిల్ల కరణం మల్లేశ్వరి 2000లో సిడ్నీలో 69 కిలోల విభాగంలో స్నాచ్ 110, క్లీన్ అండ్ జెర్క్ 130 ఎత్తి కంచు పతకం తెచ్చింది. అంత బరువు ఎత్తడానికి ఎన్నేళ్లు పట్టిందో అడగండి. పొరపాటున ఎవరికీ కండలు వచ్చేయవు. పొరపాటున వచ్చేవైతే మా కుర్రాళ్లు ఇన్నాళ్లు ఎందుకు ఏడుస్తారు?

మరి ఏది కొలుచుకోవాలి? మా దగ్గర నెలకోసారి టేపు, పొద్దుటే, కసరత్తుకు ముందు. కసరత్తు మధ్యలో కండ ఉబ్బినప్పుడు కొలిస్తే జబ్బ సెంటీమీటరు అబద్ధం చెబుతుంది. బరువు రోజూ చూసుకున్నా వారం సగటే రాసుకోవాలి. ఫోటో రెండు నెలలకోసారి, అదే గోడ, అదే వెలుతురు. అన్నిటికంటే నమ్మకమైంది నోటు పుస్తకం: పోయిన నెల ఎనిమిది సార్లు ఎత్తిన బరువు ఈ నెల పది సార్లు లేస్తే కండ దారిలోనే ఉంది. ఒక్కో కండకు వారానికి రెండు సార్లు, మొత్తం పది సెట్లు చాలు. ఇంకా రెండు రెప్స్ లేస్తాయనగా ఆపితే చాలు. రోజూ రెండు గంటలు జిమ్‌లో ఉండేవాడు ఎక్కువగా చేసేది కబుర్లు. ఊరెళ్లి పది రోజులు మానితే కండ పోదు, నెలల తరబడి మానినా మళ్లీ మొదలెడితే మొదటిసారి కంటే త్వరగా తిరిగొస్తుంది. మానేస్తే కండ కొవ్వుగా మారుతుందని ఊళ్లో ఒక నమ్మకం. అవి రెండూ వేరు వేరు పదార్థాలు, ఒకటి ఇంకొకటి కాదు. కసరత్తు మాని తిండి మానకపోతే లావెక్కుతారు, అంతే.

వయసు మళ్లిందని వెనక్కి తగ్గేవాళ్లకు 1990లో అమెరికాలో జరిగిన ప్రయోగం చెబుతుంటాను. వృద్ధాశ్రమంలో ఉంటున్న తొంభై ఏళ్లవాళ్లు పదిమందితో ఎనిమిది వారాలు కాళ్లకు బరువుల కసరత్తు చేయించారు. చివరిదాకా చేసినవాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది, తొడ కండ 9 శాతం. మా ఉదయం బ్యాచ్‌లో ఒక రిటైర్డ్ టీచరమ్మగారు ఉన్నారు. పూజకు పీట మీద కూర్చుంటే గోడ పట్టుకోకుండా లేవలేకపోతున్నానని చేరారు. "నాకు తేదీలేవీ లేవు మేస్టారూ, ఎప్పుడు వస్తే అప్పుడే" అన్నారు. కుర్చీ మీద నుంచి లేవడంతో మొదలెట్టాం, తర్వాత చేతిలో డంబెల్‌తో. ఆవిడ పుస్తకంలో జబ్బ కొలత గడి ఖాళీగానే ఉంది. పీట మీద నుంచి మాత్రం గోడ పట్టుకోకుండానే లేస్తున్నారు. సోమవారం నుంచి నాలుగు కిలోల డంబెల్ తీసేసి అయిదుది ఇస్తున్నాను.